అలల బులెటిన్‌లో నాలుగు పంక్తులు

"ఆరు గంటల బులెటిన్ అయ్యేలోపు ఆ పంక్తులు రాసిందెవరో తేలాలి. లేదంటే నువ్వేనని రాసి పంపేస్తాను," అంటూ హెడ్ ఆఫీసు ఉత్తరాన్ని అనౌన్సర్ చేతిలో పెట్టాడు రేడియో స్టేషన్ డైరెక్టర్.

ఆమె గడియారం చూసింది. ఐదు దాటింది.

"స్క్రీన్ మీద ఏది వస్తే అది చదవడమే కదా సార్ నా పని. ఇంత ఎత్తు అల, ఇంత గాలి, ఆ తర్వాత నాలుగు పంక్తుల కవిత్వం. వాతావరణం వాళ్ళే పంపుతున్నారనుకున్నాను."

"పంతొమ్మిది రోజులూ అలాగే అనుకున్నావా?"

"బాగున్నాయి సార్."

"బాగుంటే పుస్తకం వేసుకోమను. పడవల వాళ్ళు వినే హెచ్చరికమ్మా అది. ఈ నెలే నీ కాంట్రాక్టు అయిపోతోంది, గుర్తుంచుకో."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె స్టూడియోలో అటూ ఇటూ తిరగసాగింది. బులెటిన్ ఫైలు ఆరుగురు తెరవగలరు. ఆ ఆరుగురిలో ఒకడు ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టాడు.

గాజు తలుపు అవతల నుంచి కంట్రోల్ రూమ్ ఇంజనీరు స్పీకర్లో పలికాడు. "కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారేంటి మేడమ్?"

"మీరేనా రాసింది?"

"నేను రెండు వాక్యాలు రాస్తే మూడు తప్పులుంటాయి. నన్నొదిలేయండి."

నిజమేననిపించింది. ఆమె ఉద్యోగంలో చేరిన రోజే, మైకుకు మరీ దగ్గరగా కూర్చుందని, "మైకుని మింగకండి" అని నలుగురిలో అన్న మనిషి. అతనికి కవిత్వమేమిటి?

పంతొమ్మిది రోజుల బులెటిన్లూ ప్రింటు తీసుకుని మెట్లు దిగింది. దిగుతూనే ఒకటి పైకి చదివింది.

చిన్న అల,
చిన్న అల,
వెనకనే ఊళ్ళన్నీ మోసుకొచ్చే
పెద్ద అల.

వరండాలోని తెర మీద, సముద్రంలోని మిషన్ పంపే అలల గీత కదులుతోంది. రెండు చిన్న గుట్టలు, ఒక పెద్ద గుట్ట. మళ్ళీ రెండు చిన్నవి, ఒక పెద్దది. ఆమె చదివిన పంక్తులదీ అదే నడక.

ఆ గీతను రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండేది, స్టేషన్లో అందరూ గ్రాఫు బాబాయ్ అని పిలిచే పెద్దాయన. ఆమె తుపానులా ఆయన గదిలోకి వెళ్ళింది.

"బాబాయ్, మీరే కదూ?"

ఆయన కాగితాలు తిరగేసి నవ్వాడు. "నేనా? లీవ్ లెటర్ కూడా మీ పిన్ని చేతే రాయిస్తాను. కానీ వీడు గ్రాఫు చూసే రాశాడమ్మాయ్. చూడు, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు పంక్తులు పొడుగు, పోటెత్తిన రోజు విరుపులు. అలకో లెక్కుంటుంది. అది మాటల్లోకి దించాడు." ఆయన వేలు ఒకచోట ఆగింది. "మరి ఈ మూడు రోజులూ ఎలా రాశాడు? అప్పుడు మిషన్ పాడైంది. ఎత్తు మాత్రం ఫోన్లో కనుక్కుని వేశాం. గీతే లేదు."

ఆమె ఆ మూడు కాగితాలూ లాక్కుంది.

గాలి తగ్గె.
వల విప్పు.
తొందరేల?
ఆగి చూడు.

ఏ పంక్తిలోనూ రెండు మాటలకు మించి లేవు. ఆ మూడు రోజులూ ఆమెకు విపరీతమైన జలుబు. రెండు మాటలకోసారి ఊపిరి తెగేది. అయినా ఒక్క దగ్గు కూడా ప్రసారం కాలేదు. దగ్గు రాబోయే ముందే గాజు అవతల ఎవరో ధ్వని తగ్గించేవారు. ఆమె ఊపిరి ఎక్కడ తెగుతుందో ఆమె కన్నా ముందే తెలిసిన వారెవరో.

"ఏంటమ్మా, మొహం అలా అయిపోయింది?"

"దొంగ దొరికాడు బాబాయ్. చెప్తే అతన్ని కొండ మీది ట్రాన్స్‌మిటర్‌కి బదిలీ చేస్తారు. చెప్పకపోతే నేను ఇంటికి. ఎలా చూసినా..."

"ఉత్తరం పూర్తిగా చదివావా? మీ డైరెక్టర్ మొదటి లైను చూసి కేకలేసే రకం."

ఆమె విప్పి చదివింది. చివరనుంది అసలు సంగతి. రాసినది ఎవరో ప్రకటించకుండా ఏ రచనా ప్రసారం చేయరాదు. అంటే, ఎవరిదో చెప్పి చదివితే తప్పు లేదు.

పరుగెత్తింది.

స్టూడియోలో అడుగు పెట్టేసరికి ఆరుకి ఆరు నిమిషాలు తక్కువ. గాజుకు దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"మూడు రోజులు నా ఊపిరి లెక్కపెట్టారా?"

ఇంజనీరు మొహంలో నెత్తురుచుక్క లేదు. "లెక్కపెట్టలేదు. వినపడింది. గ్రాఫు ఉన్నప్పుడు సముద్రాన్ని వినేవాణ్ణి. గ్రాఫు లేనప్పుడు మీరున్నారు."

"మైకుని మింగకండి అన్నది ఈ మనిషేనా?"

"దగ్గరగా కూర్చుంటే మీ ఊపిరి ఇంకా బాగా వినపడేది. నాకు పని సాగేది కాదు." లేచాడు. "మీ మీదికి వస్తుందనుకోలేదు. వెళ్ళి ఒప్పేసుకుంటాను."

"కొండెక్కి ఎవరికి రాస్తారు? కూర్చోండి. ఇవాళ్టిది ఏదీ?"

"రాయలేదు. మీరు వెతుకుతున్నారుగా, భయమేసింది. గ్రాఫు కూడా చూడలేదు."

"నన్ను చూడండి."

చూశాడు. రాశాడు.

ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది. ఆమె అల ఎత్తు చదివింది, గాలి వేగం చదివింది. కంట్రోల్ రూమ్‌లోకి డైరెక్టర్ వచ్చి ఇంజనీరు వెనక నిలబడ్డాడు. తెర మీద కొత్త పంక్తులు పడ్డాయి.

మెట్లెక్కి
వచ్చింది గాలి.
ఇంకా
రొప్పుతోంది.

ఆమె రొప్పుతూనే చదివింది. డైరెక్టర్ పెదవులు "ఎవరు?" అన్నాయి. ఆమె మైకుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"విన్నారు కదా. పంతొమ్మిది రోజులుగా ఈ పంక్తులు రాస్తున్నది మా కంట్రోల్ రూమ్ ఇంజనీరు."