కట్ట మీద దాహం

బేస్తవారం పొద్దున్నే మునిలక్ష్మి టార్పాలు మడిచేసింది. చిన్న గ్యాస్ స్టవ్వు ఆర్పి, గిన్నెలు చెరువు నీళ్లలో కడిగి, చాపలు దులిపి, తాగేనీళ్ల బిందె తప్ప అన్నీ ఓమ్నీ వ్యాను వెనక సర్దింది. బయలుదేరడానికి ఇంకేమీ మిగల్లేదు. గోవిందప్ప మాత్రం కట్ట కింద రాతి మీద కూర్చుని గాలానికి ఎర గుచ్చుతున్నాడు.

“ఏమయ్యా, ఎండ ముదరకముందే బయల్దేరదామా? మదనపల్లికి శానా దూరం పోవాల.”

అతను గాలం విసిరాడు. బెండు నీళ్ల మీద కాసేపు ఊగి నిలబడింది.

“ఈ పొద్దు బేస్తవారం,” అంది మళ్లీ.

“తెలుసు.”

“మిషను కాడ నీ మంచం పెట్టుకోనుంటారు.”

“ఇంకొకరికి ఇస్తార్లే. కాచుకోనుండేవాళ్లు శానామంది ఉండారు.”

ఎంతో మామూలుగా అన్నాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు.

గోవిందప్ప వయసులో ఉన్నప్పటినుంచీ టమేటా లారీ తోలినవాడు. రెండేళ్ల కిందట రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అప్పటినుంచి ప్రతి సోమవారం, బేస్తవారం మదనపల్లిలో రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోవాలి. మధ్య రోజుల్లో తాగే నీళ్లకు లెక్క. కాఫీ, మజ్జిగ, పులుసు అన్నీ కలిపి రోజుకు ఒక చిన్న సీసా. అంతకు మించితే నీరు కాళ్లలో చేరుతుంది. తరువాత ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది.

ఈ సోమవారం మిషను మీంచి లేచాక అతనే అడిగాడు. “లారీ తోలేటప్పుడు కనపడిన చెరువు కాడల్లా ఆపి గాలం వేసేవాణ్ని. నిన్ను ఒకసారన్నా పిల్చుకోని పోవాలని ఉండె. పోదామా?” కూతురు అశ్విని వద్దంది. మునిలక్ష్మి సరేనంది. అతని పక్కన ముందు సీట్లో కూర్చుని ఊరు దాటడం ఆమెకు గుడికీ ఆస్పత్రికీ తప్ప తెలియదు.

పుంగనూరు దాటాక ఒక చెరువు, పలమనేరు అవతల ఇంకొకటి. చింతచెట్ల కింద వండుకున్నారు, వ్యానులో పడుకున్నారు. ఆమె గాలానికి మొదటి జిలేబి చేప పడి, తోకతో మొహం మీద కొడితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. “లారీకి క్లీనరుగా పనికొస్తావు మే,” అన్నాడు అతను. బుధవారం సాయంత్రానికి రామకుప్పం దగ్గరి ఈ చెరువుకు వచ్చారు. పొద్దున బండి వెనక్కి తిప్పుతాడనే ఆమె అనుకుంది.

ఇప్పుడు కట్ట దిగి అతని ముందు నిలబడింది.

“ఏం మాట్లాడతాండావు నువ్వు?”

“ఇంగ పోను లక్ష్మీ.”

“పోకుంటే?”

అతను పక్కనున్న బిందెలో చెంబు ముంచి, ఎత్తిపట్టి గడగడా తాగాడు. నీళ్లు గడ్డం మీదుగా చొక్కా మీదికి కారాయి. మళ్లీ ముంచాడు. ఆమె ఆపేలోపలే అదీ అయిపోయింది. మూడోసారి చెయ్యి చాపితే ఆమె బిందెను కాలితో తన్నేసింది. నీళ్లు మట్టిలో దారి చేసుకుని చెరువులో కలిశాయి.

“సస్తావయ్యా.”

“తెలిసే తాగితి, రాత్రినుంచీ తాగతానే ఉండా. చెరువు ముందర కూసోని, తడిగుడ్డతో నాలిక తుడుసుకుంటా బతికింది సాలు. నేను పోతే నువ్వన్నా సుఖంగా ఉంటావు.”

“తాళం ఇయ్యి.”

“ఇస్తే తోలతావా?”

ఆమెకు తోలడం రాదు. ఫోను పట్టుకుని కట్ట ఎక్కింది. సిగ్నల్ లేదు. మట్టిదారి మీద మనిషి జాడ లేదు. దిగి వచ్చేసరికి అతను నిటారుగా కూర్చుని నోటితో గాలి తీసుకుంటున్నాడు. చెప్పుల పట్టీ వాచిన పాదంలోకి దిగిపోయి ఉంది.

“నీ కాళ్లు పట్టుకుంటా. లెయ్యి.”

“పట్టుకుంటే గుంత పడతాది సూడు.”

వాచిన కాలు నొక్కితే పడే గుంతను చూసి ఇంట్లో ఇద్దరూ చాలాసార్లు నవ్వుకున్నారు. ఈసారి ఆమె నవ్వలేదు. అక్కడే మట్టిలో కూలబడింది.

అప్పుడే కట్ట మీద మోపెడ్ చప్పుడైంది. ఈ చెరువులో చేపలు గుత్తకు తీసుకున్న మస్తాన్ వచ్చాడు. నిన్న సాయంత్రం వాళ్లకు గాలం వేసుకోమని చెప్పింది అతనే.

“ఏమన్నా, ఇంకా ఈడనే ఉండారు? అడివి పక్క రాగిచేన్లో ఏనుగులు దిగినాయంట. సాయంకాలం లోపల కట్ట ఖాళీ చేసేయండి.”

“దిగనీ,” అన్నాడు గోవిందప్ప.

మస్తాన్ అతని మొహం చూశాడు, తరువాత ఆమెను చూశాడు. మునిలక్ష్మి పొత్తికడుపు చేత్తో అదుముకుని ఉంది. నుదుట చెమట, పెదాలు పగిలి ఉన్నాయి. అతను మోపెడ్ సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పి ఆమెకు అందించాడు.

“తాగమ్మా ముందు. కండ్లు తిరిగేటట్టుండాయి నీకు.”

“వొద్దన్నా. నా లెక్క అయిపాయ.”

అలవాటుగా అనేసింది. అన్నాక అటు తిరిగింది.

“నీకేం లెక్క?” అన్నాడు గోవిందప్ప.

ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంది. మస్తాన్ సీసా రాతి మీద పెట్టి దూరంగా జరిగాడు.

“నిన్నే అడగతాండేది. నీకేం లెక్క?”

“నువ్వు తాగినంతే నేనూ. రెండేండ్లుగా.”

“యాల, ఎందుకట్ల చేస్తివి?”

“నేను చెంబెత్తితే నువ్వు తల తిప్పి సూస్తావు, చిన్నపిల్లోడు మిఠాయంగడి సూసినట్ల. నాకు గొంతు దిగలా. వంటింట్లోకి పోయి తాగితే దొంగతనం చేసినట్లుండె. మానేస్తి.”

“ఒంటికి పోతే మంట పుడతాందని మొన్న అశ్వినితో అంటాంటివే, అది...”

“రక్తం పడతాంది,” అంది ఆమె, చాలా మెల్లగా. “నీ ఆస్పత్రితోనే సాలని ఎవురికీ చెప్పలా.”

నీళ్ల మీద బెండు కదలిక చూసి అడుగున ఏ చేప ఉందో చెప్పే మనిషి గోవిందప్ప. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి పెదాలు పగిలాయని చూడలేదు. ఆమె వంటింట్లో తాగుతుందనుకున్నాడు. తాగుతుందని కొన్ని రోజులు లోలోపల కుళ్లుకున్నాడు కూడా.

“నేను పోతే నువ్వన్నా...” అని ఆగిపోయాడు.

“నువ్వు పోయినంక కడవలకు కడవలు తాగమంటావా? దిగుతాదా నాకు?”

గోవిందప్ప రాతి మీది సీసా అందుకుని ఆమె ముందుకు చాపాడు.

“తాగు.”

“నువ్వు బండెక్కు. తాగతా.”

“ముందు తాగు మే.”

“ముందు ఎక్కు.”

లేవబోయాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, దాని వెనక ఊపిరి రాలేదు. మస్తాన్ పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. గోవిందప్ప తనంతట తానే జేబులోంచి తాళం తీసి అతని అరచేతిలో పెట్టాడు.

“మదనపల్లి దాకా ఆగేటట్టు లేడమ్మా,” అన్నాడు మస్తాన్. “కుప్పంలో పెద్దాస్పత్రి ఉండాది, మిషన్లు ఉండాయి. ఆడికి పోదాం.”

గాలం నీళ్లలోనే ఉండిపోయింది. మట్టిదారి మీద వ్యాను ఎగిరెగిరి పడుతూ పోయింది. వెనక, గిన్నెల మధ్య, మునిలక్ష్మి అతన్ని తన భుజానికి ఆనించి నిటారుగా కూర్చోబెట్టుకుంది. అతని గుండె తన భుజం మీదే కొట్టుకుంటున్నట్టుంది ఆమెకు. దారి ఎంత ఉందో అడగడానికి భయపడింది.

కాసేపటికి అతని వేళ్లు ఆమె చేతిలోని సీసాను తట్టాయి. ఆమెకు తానిచ్చిన మాట గుర్తొచ్చింది. మూత తీసి, తాగడానికి కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

“ఈ తట్టు తిరుగు,” అన్నాడు అతను. మాటకూ మాటకూ నడుమ ఊపిరి కోసం ఆగుతున్నాడు. “నేను సూడాల.”

తిరిగింది. సీసా ఎత్తింది. మొదటి గుక్క గొంతులో అడ్డం పడినట్టయి, దిగింది. రెండో గుక్కకు కళ్లలోంచి నీళ్లు జారాయి. ఆమె గొంతు కదిలినప్పుడల్లా అతని ఎండిన గొంతు కూడా కదిలింది. అయినా చూపు పక్కకు తిప్పలేదు.

“మెల్లగా తాగు మే,” అన్నాడు. “పొలమారుతాది.”