వెనక సీటు చప్పుడు

ఆ సందు చివరి షెడ్డు ముందునుంచి, దీపాలు పెట్టే వేళ దాటాక ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే అవతలి గోడ పక్కగా, తల తిప్పకుండా పోతారు. ఏముంది అక్కడ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు గానీ, చప్పుడు దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట. తప్... తప్... తప్... పరుపు మీద ఎవరో అరచేత్తో తడుతున్నట్టు. కాసేపు ఆగి, మళ్ళీ తప్... తప్...

తాళం వేసిన షెడ్డు. లోపల ముప్పై ఏళ్ళుగా కదలని కారు ఒకటి. మనిషన్నవాడు లేడు.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. పాత కార్లకి సీట్లు కుట్టేదాన్ని నేను. నా చేతికొచ్చే వాటిలో సగం, కూర్చున్నవాళ్ళు ఎప్పుడో పోయిన సీట్లే. వాటికి జడుసుకుంటే మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. ఆమాటకొస్తే మెకానిక్కులు చెప్పే తారీఖుల్నీ, నవ్వుతూ మాట్లాడే చుట్టాల్నీ కూడా నేను నమ్మను. మా ఆయన నన్ను అనుమానాల పుట్ట అంటాడు. అనుకోనీ.

రేకులకి చిల్లు పడి కారు మీద వాన చుక్కలు పడుతున్నాయని అందరికీ తేల్చి చెప్పాను. మండుటెండల్లో కూడా వినిపిస్తుందని ఎవరో అన్నారు. విననట్టే ఊరుకున్నాను.

ఆ కారు మా ఊరి పళ్ళ డాక్టరమ్మ వాళ్ళ నాన్నది. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు ఒక రాత్రి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, నోరు పడిపోయింది. ఎత్తుకొచ్చి కారు వెనక సీట్లో కుడి పక్కన కూర్చోబెట్టారు. ఆయన తమ్ముడు, అంటే డాక్టరమ్మకి బాబాయి, బండి ముందు నిలబడి, ఇంజన్ లేపే ఇనుప హ్యాండిల్ వేసి తిప్పాడు. తిప్పాడు... తిప్పాడు... అరచేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాడు. ఇంజన్ అందుకోలేదు. వాళ్ళమ్మ వీధిన పడి పరుగెత్తి వేరే బండి తెచ్చేసరికి ఆయన లేడు.

పది రోజుల తర్వాత ఎవరో మెకానిక్ బానెట్ ఎత్తి చూసి ఒక మాట అన్నాడు.

"రోటర్ లేదు. ఎవరో కావాలనే తీశారు."

రోటర్ అంటే బొటనవేలంత ముక్క. అది లేకపోతే ఇంజన్‌కి నిప్పు అందదు, బండిని ఎంత తిప్పినా లేవదు.

తీసింది ఎవరు? ఆ మధ్యాహ్నమే, చెప్పకుండా కారు తీసుకెళ్ళి మడ్‌గార్డుకి సొట్ట పెట్టుకొచ్చాడని, అన్న తమ్ముణ్ణి వీధిలో అందరి ముందూ చెంప మీద కొట్టాడు. ఇంకేం కావాలి? వదిన మరిదిని గడప దాటమంది. "నేను కాదు వదినా" అని బాబాయి ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనలేదు. నాలుగు వీధుల అవతల గడియారాలు బాగుచేసుకుంటూ, అన్నని చంపినవాడు అనే పేరుతో ముప్పై ఏళ్ళు బతికాడు. ఆ పేరు విన్నాక పిల్లనెవరిస్తారు? ఒంటరిగానే ఉండిపోయాడు.

ఈ ఏడు తల్లి కూడా పోయాక డాక్టరమ్మ షెడ్డు తాళం తీయించింది. నాన్న కారు మళ్ళీ రోడ్డెక్కాలని ఆమె పట్టు. ఇంజన్ పని మెకానిక్ మేస్త్రికిచ్చింది, సీట్లు నాకిచ్చింది.

"ముందు సీటు మీ ఇష్టం. వెనక సీటు మాత్రం విప్పొద్దు. పైన తోలుకి నూనె రాసి మెరుగు పెట్టండి, చాలు," అంది.

"లోపల స్ప్రింగులు కుంగిపోయి ఉంటాయమ్మా. విప్పకుండా ఎలా?"

ఆమె వెనక సీటు వైపు చూసింది.

"ఆ రాత్రి నాన్నకి మాట లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతోంది. నా వైపే చూస్తూ పక్కన సీటు తట్టాడు, వచ్చి కూర్చోమని. వెళ్ళి కూర్చున్నాను. కూర్చున్నాక కూడా నా కాలి మీద తడుతూనే ఉన్నాడు... పోయేదాకా. నాకు నాన్న మిగిల్చి వెళ్ళింది అదొక్కటేనండీ."

ఇంకొకరైతే కళ్ళు తుడుచుకునేవారు. నాకు అనుమానం వచ్చింది. విప్పొద్దంటోందంటే లోపల ఏదో ఉందన్నమాటే అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

వారం తర్వాత మేస్త్రి పొద్దున్నే నా కొట్టుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. అతను చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ముందురోజు సాయంత్రం ఇంజన్ దింపి తన వర్క్‌షాపుకి తోలించాడు. సీట్లు అప్పటికే నా దగ్గరున్నాయి. షెడ్డులో మిగిలింది వట్టి డొల్లే కదా అని తాళం వేయలేదు. ఎనిమిది దాటాక, కళ్ళద్దాలు అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాడు. వాన పడుతోంది. కరెంటు లేదు. సందులో అతనొక్కడే.

షెడ్డు ఇంకా పది అడుగులుందనగా —

గర్ర్... గర్ర్...

ఆగాడు. చప్పుడూ ఆగింది. లోపల ఎవరో ఆయాసపడుతున్నారు.

మళ్ళీ... గర్ర్... గర్ర్...

అది మేస్త్రికి పుట్టిన దగ్గర్నుంచి తెలిసిన చప్పుడు. హ్యాండిల్ తిప్పుతున్నారు. ఇంజన్ లేని కారుకి.

తలుపు సందులోంచి ఫోను లైటు వేశాడు. కారు ముందు ఒక మనిషి వంగి ఉన్నాడు. బంపర్ కన్నంలో హ్యాండిల్ దూర్చి రెండు చేతులా తిప్పుతున్నాడు. ఇనుముకి ఇనుము రాసుకుని గర్రుమంటోంది. తడిసిన నెరిసిన జుట్టు... బాబాయి.

"ఇంజన్ లేదండీ..." అన్నాడు మేస్త్రి.

"తెలుసు."

అప్పుడు — తప్... తప్... తప్...

కారు వెనకవైపు నుంచి. బాబాయి చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

బాబాయి తల తిప్పి, మెల్లగా అడిగాడు. "నీకూ వినబడుతోందా?"

మేస్త్రి కళ్ళద్దాల సంగతి మర్చిపోయి ఒకటే పరుగు.

"దెయ్యమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. వాన చుక్కలు," అన్నాను.

"రేకులు పోయిన వారమే మార్పించాం కదక్కా."

"ఎన్నింటికి విన్నావు?"

"ఎనిమిదిన్నర."

నేను మాట మార్చి టీ తెప్పించాను. ఎందుకంటే, ముందురోజు సరిగ్గా ఎనిమిదిన్నరకి, నేను కొట్టు మూస్తుంటే, గోడకి ఆనించిన ఆ వెనక సీటు దగ్గర తప్ తప్‌మని చప్పుడైంది. పిల్లి అనుకుని చీపురు విసిరాను. అక్కడ పిల్లి లేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

మేస్త్రి డాక్టరమ్మకి బాబాయి వచ్చిన సంగతి చెప్పి, తప్ తప్ చప్పుడు సంగతి మింగేశాడు. ఆమె మండిపడింది.

"ముప్పై ఏళ్ళకి ఇప్పుడెందుకొచ్చాడు, దొంగలాగా? ఆ ముక్క ఆ కారులోనే ఎక్కడో దాచి ఉంటాడు. నేను విప్పిస్తున్నానని తెలిసి పట్టుకుపోవడానికొచ్చాడు."

ఆదివారం పొద్దున్న షెడ్డు దగ్గరికి బాబాయినీ, వీధిలో పెద్దవాళ్ళనీ రమ్మని కబురు పెట్టింది. పదిమందిలో నిలబెట్టి అడుగుతుందట. ఒప్పుకుంటే సరి, లేకపోతే పోలీస్ స్టేషన్. నిజం చెప్పొద్దూ, నాకూ ఆమె మాటే సబబనిపించింది. మతి సరిగ్గా ఉన్నవాడెవడు వానలో వచ్చి ఖాళీ కారు తిప్పుతాడు?

శనివారం సాయంత్రం కొట్టులో లైటు వేశాను. వేశానో లేదో —

తప్...

ఈసారి చీపురు తీయలేదు. దగ్గరికెళ్ళాను. తప్... తప్... సీటు మధ్య భాగంలోంచి. చెయ్యి చాపి అక్కడ అరచెయ్యి ఆనించాను. తోలు చల్లగా ఉంది. ఆ తర్వాతి దెబ్బ నా చేతి మీదే పడింది. మెల్లగానే. నా చెయ్యి మీద ఇంకో చెయ్యి వేసి, ఇక్కడే, ఇక్కడే అన్నట్టు. చెయ్యి వెనక్కి లాక్కోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

చప్పుడు ఆగాక వంగి చూశాను. భయపడినా నాది పనిచేసే కన్ను. సీటు మధ్యలో, అంచు వెంట వేసే బీడింగ్ పట్టీ కింద, జానెడు మేర కుట్టు వేరేగా ఉంది. మిగతాదంతా మిషన్ కుట్టు. అక్కడ మాత్రం కుట్టు ఊడదీసి, తోలు మడిచి, చొక్కా గుండీ ఒకటి చేత్తో కుట్టి మూశారు. సూది పట్టడం రాని చెయ్యి అని చూస్తేనే తెలుస్తోంది. దారం ముదురు గులాబీ రంగు. సీట్లు కుట్టేవాడెవడూ ఆ దారం ముట్టడు.

విప్పొద్దన్న మాట నాకు గుర్తుంది. గుండీ మాత్రం తీశాను.

లోపల రుమాలు మూట. మూటలో బొటనవేలంత నల్లటి ముక్క.

మేస్త్రిని పిలిపించి చూపించాను. చేతిలోకి తీసుకోకుండానే, "ఇదే అక్కా," అన్నాడు.

"అయితే బాబాయే దాచాడన్నమాట."

"కక్షతో తీసినవాడు దీన్ని ఇక్కడే ఎందుకుంచుతాడు? ఏ కాలవలోనో విసిరేస్తాడు గానీ..."

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఆదివారం ఇద్దరం సీటు మోసుకుని షెడ్డుకెళ్ళాం. పదిమందీ చేరారు. బాబాయి కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

"ఆ రాత్రి ఎందుకొచ్చారు మీరు?" అంది డాక్టరమ్మ. సొంత బాబాయిని పరాయివాణ్ణి అడిగినట్టు.

"షెడ్డు తెరిచారని తెలిసింది. ఇంకొక్కసారి తిప్పి చూద్దామని..."

ఎవరో నవ్వారు. బాబాయి నేల చూశాడు.

నేను సీటు ఆమె ముందు దించి, గుండీ చూపించి, రుమాలు విప్పాను. "చూశారా, కారులోనే దాచాడు," అన్నాడు వెనకనుంచి ఒకాయన. బాబాయి ముఖం పాలిపోయింది.

డాక్టరమ్మ మాత్రం ఆ ముక్క వైపు చూడటం లేదు. గుండీకున్న దారం చూస్తోంది.

"ఇది నాది," అంది. "నా బొమ్మకి గౌను కుట్టుకున్న దారం. ఆ సాయంత్రం నాన్న సూదీ దారం అడిగాడు. దగ్గరవి కనబడటం లేదు, నువ్వే ఎక్కించి పెట్టమన్నాడు. చొక్కా గుండీ ఊడిందన్నాడు..."

తమ్ముడు మళ్ళీ కారు ముట్టుకోకుండా అన్న కోపంలో ఆ ముక్క తీసి దాచి వేసిన తాళం అది. ఆ రాత్రికి ఆయనకే అడ్డం పడింది. నోరు పోయి చెయ్యి ఒక్కటే మిగిలితే, ఆ చేత్తో చోటు చూపించాడు.

ఆమె వంగి సీటు మధ్యలో రెండుసార్లు తట్టింది. తప్... తప్... చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నన్ను కూర్చోమనలేదు," అంది. "నేను వెళ్ళి దాని మీదే కూర్చున్నాను. నాన్న నన్ను లెమ్మంటున్నాడు."

నాకు దుఃఖం ఆగలేదు. ముప్పై ఏళ్ళు ఆమె దాచుకున్నది నా చేతులతో ఊడదీశాను. అటు చూస్తే చెయ్యని తప్పు మోసిన బాబాయి. ఏం చెయ్యను?

బాబాయి వచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు.

"ఆ తట్టడం నేనూ చూశాను చిట్టీ. తొందరగా తిప్పమంటున్నాడనుకున్నాను. నీకు తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై ఎనిమిది. తెలియాల్సింది నాకు."

"బాబాయ్," అంది ఆమె. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. వీధి పెద్దలు ఒక్కొక్కరే జారుకున్నారు.

కారు తయారుకావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మేస్త్రి చెప్పిన తారీఖుకి నెల ఆలస్యం, అది వేరే సంగతి. కొత్త రోటర్ తెచ్చినా డాక్టరమ్మ పాతదే పెట్టించింది. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు మేస్త్రి కొత్తవి వేశాడు. గులాబీ దారం గుండీని నేను ముట్టుకోలేదు.

బయటికి తీసిన రోజు కూడా దీపాలు పెట్టే వేళే అయింది. బాబాయి హ్యాండిల్ వేసి ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజన్ అందుకుంది. ఆయన తన అరచేతుల వైపు కాసేపు చూసుకుని, వచ్చి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. డాక్టరమ్మ వెనక ఎక్కి ఎడమ తలుపుకి ఒదిగి కూర్చుంది. మధ్యలో ఖాళీ. కుడివైపు ఖాళీ.

"ఎందాకా?" అన్నాడు మేస్త్రి.

"ఆస్పత్రి దాకా," అన్నాడు బాబాయి.

కారు కదులుతుంటే మేస్త్రి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా... వెనక కుడివైపు చూడు."

ఆ పక్క కమాను కిందికి దిగి ఉంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదిలానని ఒట్టేశాడు. ఇప్పుడు రెండు వేళ్ళ సందు కూడా లేదు. బరువైన మనిషి కూర్చుంటే దిగినంత దిగింది. ఆమె కూర్చున్నది ఎడమవైపు కదా.

"నీ పనితనం," అన్నాను. అనుమానం బతికున్నవాళ్ళ మీద పెట్టుకోవడమే నయం.

అరగంటకి తిరిగొచ్చారు. మేస్త్రి పలకరింపు కూడా లేకుండా టార్చి పట్టుకుని వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేళ్ళు పెట్టి కొలిచాడు. ఎడమవైపుకి వెళ్ళి కొలిచాడు. మళ్ళీ కుడివైపుకొచ్చాడు.

రెండువైపులా నాలుగు వేళ్ళే.

"దారిలో ఎక్కడైనా ఆగారా?" అన్నాడు, లేవకుండానే.

"ఆస్పత్రి గేటు దగ్గర. ఒక్క నిమిషం," అంది డాక్టరమ్మ.

"ఎవరైనా... దిగారా?"

"దిగడానికి ఎవరున్నారు?" అంది ఆమె.

బాబాయి హ్యాండిల్‌ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"అన్నట్టు మేస్త్రీ, వెనక కుడి తలుపు గడియ ఒకసారి చూడు. గేటు దగ్గర ఆపగానే దానంతటదే తెరుచుకుంది. నేను దిగి మూసొచ్చాను."