నాయన కంటి రెండు ఫోటోలు

పళ్ళు తోముకుని వచ్చిన మొగుణ్ణి చూసి సరసమ్మ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. తిరువేంగడం మొహం పసుప్పచ్చగా ఉంది. అతను ఒంటికి పోసొచ్చిన బాత్రూంలో గచ్చు అంతకన్నా పచ్చగా ఉంది. కామెర్లకు గుడియాత్తంలో ఆ వీధి మొత్తానికీ ఆమే వైద్యురాలు. దొడ్లోంచి కీళానెల్లి, అదే నేల ఉసిరి, ఆకు పీక్కొచ్చి, నూరి, మజ్జిగలో కలిపింది.

“కామాలై. తాగు.”

“నాకేం లేదు మే. ఎండకి అట్ల కనపడతా ఉండాది.”

“తెల్లారే ఎండ యాడుండాది? ఈ పొద్దునుంచి ఉప్పు లేదు నీకు.”

ముప్పై ఏళ్ళుగా మగ్గం మీద గళ్ళ లుంగీలు నేసే మనిషికి పట్టుబడ్డాక అబద్ధం నిలబెట్టుకోవడం మాత్రం చేతకాదు. గ్లాసు పట్టుకుని కూతురి వంక చూశాడు. లక్ష్మీప్రియ వేలూరు బస్సుకు జడ వేసుకుంటోంది. అక్కడి కంటి ఆస్పత్రిలో ఫోటోలు తీసే గదిలో ఆమెకు ఉద్యోగం.

“తాగొద్దు నాయనా,” అంది. “అమ్మా, అది కామాలై కాదు. నిన్న నాయన మా ఆస్పత్రికి వచ్చినాడు. కంట్లో రక్తనాళాలు ఫోటో తీసేదానికి చేతికి సూదేసి రంగు ఎక్కించినాము. రేపటికి పోతాది.”

నూలు కొనడానికి పోతున్నానని చెప్పి వెళ్ళి, రాత్రి దీపాలార్పినాక వచ్చి పడుకున్న మనిషి! సరసమ్మకు కోపం కంటే ముందు ఏడుపు వచ్చింది.

“నాయనా కూతురూ కలిసి నన్ను పరాయిదాన్ని చేస్తిరి. షుగర్ మాత్ర ఇచ్చేది నేను. కంటి సంగతి నాకు చెప్పకూడదా?”

“చెప్తే నువ్వు నిద్రపోవని నాయనే వద్దన్నాడమ్మా.”

లక్ష్మీప్రియ బస్సు సంగతి వదిలేసి ఫోన్‌లో నాయన కంటి ఫోటోలు రెండూ తెరిచింది. “సూది అక్కర్లేని కొత్త మిషను వచ్చిండాది. ఒకే కంటిని పాతదాంతో, కొత్తదాంతో తీసి, ఏది దేన్ని బాగా చూపిస్తాదో పోలుస్తా ఉన్నాము.”

అంత కోపంలోనూ సరసమ్మ ఆగలేకపోయింది. ఫోన్ లాక్కుంది.

“ఇదేంది, రంగు కారినట్టు?”

“నాళాల్లోంచి కారింది. పాతది దాన్ని పట్టిస్తాది. కొత్తదాంట్లో కారేది తెలీదు.”

“కారేది తెలీకపోతే పోనీ. ఈ కొత్తదాంట్లో చూడు, నడిమికి పక్కన పోగులే లేవు. తెగిపోయిండాయి.”

తల్లి మొహం వంక చూసింది లక్ష్మీప్రియ. నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ చూపించిన చోటూ అదే. ఇంట్లో తెగిన పోగులు అతికేది సరసమ్మే కదా.

“నువ్వు చెప్పు, రెండింటికీ ఏం భేదం?” అంటూ సరసమ్మ ఫోన్ మొగుడి ముందు పెట్టింది.

తిరువేంగడం దాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

“రెండూ ఒకటే కదా మే.”

సరసమ్మ ఫోన్ వెనక్కి తీసుకుని మొగుడి వేళ్ళ వంక చూసింది. వేళ్ళు బిగుసుకుపోయినాయంటూ ఆర్నెల్లుగా పోగు తెగినప్పుడల్లా తనను పిలుస్తున్నాడు. బద్ధకం ఎక్కువైందని తిట్టింది కూడా.

“వేళ్ళు కాదు కదయ్యా.”

“కాదు. నల్లపోగేదో నీలంపోగేదో తెలీడంలేదు. నేత మానేయమంటావని చెప్పలేదు.”

“కారేది సూదిమందుతో ఆపచ్చునంట,” అంది లక్ష్మీప్రియ. “తెగినవి మళ్ళీ రావు. ఉండేవి కాపాడుకోవాల. గురువారం రమ్మన్నారు.”

“నేనూ వస్తా,” అంది సరసమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మజ్జిగ పారబోసి వచ్చి మొగుణ్ణి మగ్గం ముందు కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. అతని చేయి పట్టుకుని ఒక పోగు మీద పెట్టింది.

“ఇది నీలం,” అంది.