పుల్లయ్య పెట్టాల్సిన రాయి

తిరుపతమ్మ విసుర్రాయిని వసారాలో గోడకు ఆనించుకొని, అరిగి నునుపెక్కిన చోటల్లా ఉలితో గాట్లు పెడుతోంది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడినా ఆమె మణికట్టు వణకదు. మనుమరాలు ఉరుకుందమ్మ పక్కనే కూర్చొని, రాలిన రాతిపొడిని తడిగుడ్డతో తుడుస్తోంది. గాట్లు అయిపోయాక ముసలామె, ఎప్పటిలాగే, రాయి అంచున ఉన్న మూడు ఏటవాలు గీతల్నీ వాటి మీది అడ్డగీతనూ మరికాస్త లోతు చేసింది.

"ఆ గీతలెందుకు జేజీ? పిండికి వాటితో పనేముండాది?"

"పిండికి కాదులే. మీ తాత గుర్తు అది. ఆయన చెయ్యి పడిన ప్రతి రాయికీ ఉంటాది."

లోపలి నుంచి పుల్లయ్య వచ్చాడు. కర్నూలు రాజధాని అయ్యాక ఆయన పనిచేసే ఆఫీసుకు గౌరవం పెరిగింది. వీధిలో కొత్త గుమాస్తాలు కాపురాలు పెట్టారు. తాను ఎవరి కొడుకో, ఏ ఊరివాడో వాళ్లలో ఎవరికీ ఆయన చెప్పలేదు.

"అమ్మా, గాట్లు పెట్టేటోళ్లు వీధిలో తిరగతానే ఉంటారు గదా. పొద్దున్నే ఈ చప్పుడేంది? పక్కింటాయన ఏమనుకుంటాడు?"

"రాళ్లు కొట్టేటోళ్ల ఇల్లు అనుకుంటాడు. అబద్ధమేముండాది?"

వంటింట్లో ఈరక్క నవ్వు ఆపుకుంది. మొగుడి ముఖం చూసి పొయ్యి ఊదడంలో పడింది.

తిరుపతమ్మ కొంగుముడి విప్పి ఒక కార్డు తీసింది. "మీ నాయన జతగాడు గోపన్న రాసినాడు. గుండ్లపల్లెలో మన బావికి సర్కారోళ్లు సిమెంటు గట్టు కడతారంట. గురువారం పని మొదలు. ఆ లోపల నిన్ను రమ్మన్నాడు."

ఎర్రగుంట్ల పక్కన గుండ్లపల్లె వాళ్ల సొంతూరు. ఆ వైపు బావులు కట్టే వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. గట్టు చుట్టూ రాళ్లు పేర్చుకుంటూ వచ్చినవాడు ఆఖరి రాయి తన చేత్తో పెట్టడు. అది అతని బిడ్డ పెట్టాలి. నీళ్లు రాబోయే తరం వాళ్లవి గనుక. పుల్లయ్య తండ్రి సుబ్బయ్య బావి కట్టి, ఆఖరి రాయి చెక్కి సిద్ధం చేసి, మంచిరోజుకు నాలుగు రోజుల ముందు జ్వరంతో పోయాడు. ఆ రాయి పెట్టకుండానే, గట్టులో సందు అలాగే ఉండగా, పదేళ్ల పుల్లయ్యను తీసుకొని తిరుపతమ్మ కర్నూల్లో తన అన్న పంచకు చేరింది. అప్పుడు ఊరు వదిలిన పుల్లయ్య మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

"నేను రాను," అన్నాడు పుల్లయ్య.

"ఒక్క పూట పనిరా అబ్బీ."

"ఏ మొకం పెట్టుకొని రావాల? బడిలో ఎర్రగుంట్ల పిల్లోడొకడు నన్ను సగం బావోడా అని పిలుస్తాంటే అందరూ నవ్వేటోళ్లు. నా పేరే మరిచిపోయినారు. ఆ సందు ఇన్నేండ్లు అట్లనే పెట్టుకొని ఊరంతా మనల్ని చూసి నవ్వుకుంటాండాది. సిమెంటుతో పూడ్చుకోనీ. పీడ పోతాది."

తిరుపతమ్మ చేతిలో ఉలి కదల్లేదు. ఇన్నేళ్లూ కొడుకు ఈ ముల్లు లోపల పెట్టుకొని తిరిగాడని ఆమెకు ఇవాళే తెలిసింది. నెమ్మదిగా అంది: "నువ్వు రాకుంటే నేను పోతా."

"కండ్లు సరిగ్గా కనపడవు. ఒక్కదానివి యాడ పోతావు?"

"ఉరుకుందును తోడు పంపు."

"పంపను," అని చొక్కా వేసుకొని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

సోమవారం ఆయన అటు వెళ్లగానే ఈరక్క సజ్జరొట్టెలు మూటగట్టి కూతురి చేతిలో పెట్టింది. "జేజి చెయ్యి వదలొద్దు. మీ నాయన సంగతి నేను చూసుకుంటా," అంది.

గుత్తి దాకా బస్సు, అక్కడి నుంచి మద్రాసు రైలు. ఉరుకుందమ్మ రైలెక్కడం అదే మొదలు. కానీ ఆమె కిటికీ కంటే జేజినే ఎక్కువగా చూసింది. కర్నూల్లో గోడవారగా, కొంగు కప్పుకొని నడిచే మనిషి, పొలాల గట్ల మీద నిలబెట్టిన నాపరాళ్లు కనబడగానే నిటారుగా కూర్చుంది. అదిగో ఆ గని, ఇదిగో ఈ వంక అని చూపు ఆనకపోయినా చేయి చాపి చెప్పింది. ఎర్రగుంట్లలో ఎద్దులబండి మాట్లాడుకున్నారు.

"గుండ్లపల్లెలో ఎవురి తాలూకమ్మా?" బండి తోలే అతను అడిగాడు.

"బావి సుబ్బయ్య పెండ్లాన్నప్పా."

అతను పగ్గం లాగి బండి ఆపాడు. వెనక్కి తిరిగి ఆమెను తేరిపార చూసి, తన కింద మడిచి పెట్టుకున్న కంబళి తీసి ఆమె కింద పరిచాడు. "కుదుపులు శానా ఉంటాయి తల్లీ," అన్నాడు.

ఊళ్లో అడుగుపెట్టేసరికి ఆ కబురు వాళ్లకంటే ముందే చేరింది. ముసలి గోపన్న చేతికర్ర కూడా మరిచి ఎదురొచ్చాడు. ఆయన వెంట ఉరుకుందమ్మ బావిలోకి దిగింది. ముప్పై రెండు మెట్లు. మెట్టు మెట్టుకూ అంచున మూడు ఏటవాలు గీతలు, ఒక అడ్డగీత. ఇంట్లో రోజూ తుడిచే గుర్తే. ఆమె వేళ్లు కళ్లకంటే ముందు దాన్ని గుర్తుపట్టాయి. అడుగున నీళ్లు చల్లగా, కదలకుండా ఉన్నాయి.

"మొన్న కరువులో ఊరూరా గంజి పోసినారే, అప్పుడు ఏడూర్లోళ్లు బండ్లు కట్టుకొని ఈడికే వచ్చినారు," అన్నాడు గోపన్న. "ఇది మాత్రం ఎండలే."

పైన గట్టులో మూరెడు వెడల్పు సందు ఉంది. దానికి రెండు పక్కలా పసుపు, కుంకుమ.

"తాతా, దీన్ని ఎందుకిట్ల వదిలేసినారు?" ఉరుకుందమ్మ అడిగింది.

"వదిలేసేదేంది మే? అది మీ నాయన జాగా. పూడ్చేకి మేమెవురం? ఈ ఊరికి వచ్చిన కోడలు ఏదైనా సరే, ఆ సందుకు బొట్టు పెట్టినాకనే కడవ ముంచాల. సిమెంటోళ్లకు కూడా చెప్పినాం, బుధవారం పొద్దుగూకే దాకా ఆగమని. ఆ పైన మా చేతిలో లేదు."

తరువాత తన పెరట్లోకి తీసుకుపోయి కొత్త గోనెపట్టా తొలగించాడు. సుబ్బయ్య చెక్కిన రాయి. ఇన్నేళ్లలో దాని మీద ఎవరూ కూర్చోలేదు, బట్ట ఉతకలేదు. తిరుపతమ్మ దాన్ని నిమిరింది. కళ్లనీళ్లు రాలేదు ఆమెకు. తల మాత్రం ఎత్తుకొని నిలబడింది.

బుధవారం పొద్దున వాళ్లు కర్నూలు చేరేసరికి పుల్లయ్య ఆఫీసుకు బయలుదేరుతున్నాడు.

"ఈ ఇంట్లో నా మాటకు విలువ లేదా?" గొంతు అణిచి అడిగాడు, పక్కింటికి వినబడుతుందని. "చూసొచ్చినారా మన పరువు?"

తిరుపతమ్మ నోరు తెరవబోయింది. అంతలో తండ్రి ముందు ఎన్నడూ గొంతెత్తని ఉరుకుందమ్మ మాట్లాడింది.

"చూసొచ్చినాం నాయనా. బావి సుబ్బయ్య పెండ్లామనంగానే బండి తోలేటాయన తాను కూర్చునే కంబళి తీసి జేజికి పరిచినాడు. ఏడూర్లు తాగిన నీళ్లవి. మెట్టు మెట్టుకూ తాత గుర్తుండాది. నిన్ను వెక్కిరించేకి కాదు ఆ సందు. నీ జాగా అంట. కొత్త కోడండ్లు దానికి బొట్టు పెడతారు. నువ్వు పెట్టాల్సిన రాయిని గోనెపట్టా కప్పి దాచినారు. ఈ పొద్దు మాపటి దాకనే ఆగుతారంట."

పుల్లయ్య తల్లి వైపు చూశాడు. "మరి ఇన్నేండ్లలో నాకు ఒక్క జాబన్నా రాయలేదే వాళ్లు?"

"రాసినారు," అంది తిరుపతమ్మ. "గుండ్లపల్లె ముద్ర చూసి చదవకుండానే చింపేటోడివి."

పుల్లయ్య వసారాలో విసుర్రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. అంచున ఉన్న ఆ నాలుగు గీతల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆయన కంటి నుంచి ఒక చుక్క జారి రాతిపొడిలో ఇంకింది. ఈరక్క కదలబోతే అత్త చేయి అడ్డుపెట్టింది.

కాసేపటికి లేచాడు. ఇస్త్రీ కోటు విప్పి చిలక్కొయ్యకు తగిలించాడు. ఉలినీ సుత్తినీ తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకున్నాడు. తల్లి కాళ్లకు మొక్కి, గడప దాటాడు.

"యాడి..." అని ఈరక్క నోటిదాకా వచ్చింది. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. తిరుపతమ్మ ఆమె నోటికి అరచేయి అడ్డుపెట్టింది.

ఉరుకుందమ్మ వాకిట్లోకి పరుగెత్తింది. తండ్రి వీధి చివరిదాకా వెళ్లాడు. పక్కింటాయన అరుగు మీద నుంచి ఏదో పలకరించాడు. పుల్లయ్య ఆగలేదు. చంకలో తువ్వాలు జారి సుత్తి పిడి బయటికి కనబడుతున్నా సర్దుకోలేదు. ఆఫీసు కుడివైపు. ఆయన ఎడమకు తిరిగి, బస్సుల వైపు నడిచాడు.