పెద్దమ్మ దగ్గరికి పోవద్దు

ఆ శనివారం పొద్దున్నే మల్కాజ్‌గిరిలోని ఆ ఇంట్లో రెండు వంటిళ్లలోనూ పులిహోరకి తాలింపు వేస్తున్నారు. కింది వాటాలో పెద్దకోడలు గ్రేసీ, పై వాటాలో చిన్నకోడలు డోరా. మామూలు ఇంట్లో అయితే ఒకరు పులిహోర కలిపితే ఇంకొకరు గుడ్లు ఉడకేసుకునేవాళ్లు. కానీ ఈ తోడికోడళ్ల మధ్య మాటలుంటేగా! అత్తగారు రోసమ్మకి పైనుంచీ కిందినుంచీ ఒకే ఇంగువ వాసన రావడంతో సంగతి అర్థమైపోయింది. అయినా నోరు మెదపలేదు. చెబితే ఇద్దరూ ఎక్కడ ప్రయాణమే మానుకుంటారోనని ఆవిడ భయం.

ఊరి చివరి నీళ్ల ఆటల పార్కుకి పిల్లల్ని తీసుకెళ్లాలన్నది ఆవిడ పట్టుదలే. వేసవి సెలవులంతా పిల్లలు ఫోన్లకి అతుక్కుపోతున్నారని పైకి చెప్పింది గానీ, లోపలి ఆశ వేరు. కోడళ్లిద్దరినీ ఒక్క బండిలో కూర్చోబెడితే, ఎండకీ ఆకలికీ అయినా ఒకరినొకరు పలకరించుకోకపోతారా అని. పెద్దకొడుకు దేవానందం రైల్వేలో డ్యూటీ పడి రాలేకపోయాడు. చిన్నవాడు ఆశీష్ బండి మాట్లాడాడు.

క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదికీ ఒకే తానులోంచి బట్టలు కుట్టించడం రోసమ్మకి పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. మొన్నటి పండక్కి మిగిలిన పసుప్పచ్చ పూల గుడ్డతో మనవరాళ్లిద్దరికీ ఒకే రకం గౌన్లు కుట్టించింది. గ్రేసీ కూతురు షారన్‌కి ఐదేళ్లు, డోరా కూతురు కెజియాకి నాలుగు. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమే. ఎంత గుంపులో ఉన్నా పిల్లలు దూరం నుంచే కనపడతారని ఆవిడ ముచ్చటపడింది.

ఈ ఇద్దరూ ఎందుకు విడిపోయారో చెప్పాలి. కెజియా పాలు మరవక ముందే డోరా మళ్లీ బేగంపేటలో ఉద్యోగానికి వెళ్లింది. అప్పటి నుంచి పిల్లకి స్నానం, బువ్వ, జోల అన్నీ గ్రేసీ చేతిమీదే. మొదట్లో డోరా దానికి ఎంతో పొంగిపోయింది. అక్క దొరకడం దేవుడి దయ అనేది. కానీ మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చేతులు చాపితే, పిల్ల గ్రేసీ మెడ వదలకుండా, "నువ్వు పో, నేను పెద్దమ్మతోనే ఉంటా" అంది. పసిపిల్ల మాట. నవ్వేసి ఊరుకోవాల్సిన మాట. డోరాకి అది గుండెలో ముల్లులా దిగింది. నా బిడ్డని నాకు కాకుండా చేశావని గ్రేసీ మీద విరుచుకుపడింది. గ్రేసీ ఏం తక్కువ తిన్నదా, బిడ్డ అంత కావాలనుకున్నదానివి ఇంట్లో ఉండి పెంచుకోవాల్సిందని అనేసింది. మర్నాటి నుంచి కెజియా వీధి చివరి బేబీకేర్‌లో చేరింది. డోరా కూతురికి ఏదో చెప్పుకుంది. ఏం చెప్పిందో ఆశీష్‌కి కూడా తెలియదు. ఆ తర్వాత పిల్ల కింది వాటా గుమ్మం వైపు తొంగి చూస్తే ఒట్టు.

బండి కదిలే ముందు రోసమ్మ ప్రార్థన చేసింది. అందరూ కళ్లు మూసుకున్నారు. షారన్ ఒక కిటికీ దగ్గర, కెజియా ఇంకో కిటికీ దగ్గర. పార్కు గేటు దగ్గర బయటి తిండి లోపలికి రానివ్వలేదు. రెండు పులిహోర డబ్బాలూ పక్కపక్కనే బండిలో ఉండిపోయాయి. రోసమ్మకి నవ్వొచ్చింది గానీ, చుట్టూ ఉన్న మొహాలు చూసి మింగేసింది.

పిల్లల ఆటలున్న వైపు ఒకటే జనం. ఆశీష్ భోజనం కూపన్ల లైన్లో నిలబడ్డాడు. రోసమ్మ నీడలో బెంచీ మీద కూలబడింది. తిరిగే గుర్రాల మీద కెజియాని ఒక చుట్టు తిప్పి దింపిందో లేదో, డోరాకి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ హోరులో ఏమీ వినపడక, కూతుర్ని అక్కడే నిలబడమని చెప్పి నాలుగడుగులు పక్కకి వెళ్లింది. మాట్లాడుతూనే వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల నిలబడ్డ చోట లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో దూరంగా బొమ్మరైలు లైన్లో పసుప్పచ్చ పూల గౌను కనపడింది. పక్కన గ్రేసీ, ఆ చిన్న చేతిని పట్టుకుని.

అంతే, భయం ఎగిరిపోయి ఆ చోట మంట రేగింది. ఇన్ని నెలలు ఎంత కష్టపడి విడదీసుకుంది, ఒక్క క్షణం వదిలితే మళ్లీ అక్కడికే చేరిందా! వెళ్లి లాక్కొచ్చేదే. కానీ వెళితే గ్రేసీతో మాట్లాడాలి. అడిగి తెచ్చుకోవాలి. ఉండనీ, ఎంతసేపు ఉంచుకుంటుందో చూద్దాం అనుకుని మొహం తిప్పేసుకుంది. ఫోన్లో కావాల్సిన దానికన్నా ఎక్కువసేపే మాట్లాడింది.

బొమ్మరైలు తిరిగొచ్చింది. గ్రేసీ పిల్ల చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి నడిచొచ్చింది. గౌను అదే. పిల్ల షారన్.

"కెజియా ఏది?" అంది డోరా. నెలల తర్వాత తోడికోడలితో ఆమె అన్న మొదటి మాట అది.

గ్రేసీ మొహంలో రంగు పోయింది. "నీ దగ్గర లేదా?" అంది.

ఇక ఆ తర్వాత డోరాకి ఏదీ వరసగా గుర్తులేదు. గుర్రాల చుట్టూ పరిగెత్తింది. ఐస్‌క్రీమ్ బండ్ల వెనకా, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదుల్లోనూ చూసింది. కనపడ్డ ప్రతివాళ్లనీ, పసుప్పచ్చ గౌను, ఇంత ఎత్తు పాప అని చేత్తో చూపిస్తూ అడిగింది. కొందరు అయ్యో అన్నారు. కొందరు అటు చూశామన్నారు, అటు వెళితే ఎవరి పిల్లో. ఆశీష్ కూపన్లు ఎక్కడ పడేశాడో తెలియదు, గేటు వైపు పరిగెత్తాడు. పిల్లని ఎవరైనా ఎత్తుకుని బయటికి పోతుంటే ఆపాలని.

డోరా అలలు లేచే ఈత కొలను దగ్గరికి వచ్చింది. నీళ్ల నిండా జనం, కేకలు, పాటలు. ఆ జనం మధ్యలో పసుప్పచ్చగా ఏదో తేలుతోంది. చెప్పులతోనే నీళ్లలోకి దిగిపోయింది. అరుస్తోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. కాపలా కుర్రాళ్లు విజిల్ వేసి, ఆమెని పట్టుకుని, ఆ తేలుతున్నదాన్ని పైకి తీశారు. ఎవరిదో తువ్వాలు. డోరా గట్టు మీద కూలబడి, యేసయ్యా నా బిడ్డ, నా బిడ్డ అంటూ తల కొట్టుకుంది. ఎవరో ఆమెని లేపి, మైకులో చెప్పిద్దాం రమ్మని పార్కు ఆఫీసు గది వైపు నడిపించారు.

గది ముందు గ్రేసీ ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. ఆమెని చూడగానే డోరాకి అన్ని రోజుల కోపమూ ఒక్కసారి పొంగింది.

"ఇప్పుడు సల్లగున్నదా అక్కా నీ కడుపు?" అంది. "నాకు దక్కకుండ చేస్తననుకున్నవ్, చేసినవ్."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. గ్రేసీ నేల చూస్తూ అంది.

"నాకు కనపడ్డది డోరా. మేం రైలు లైన్లకు పోతున్నప్పుడు, గుర్రాల కాడ ఒక్కతే నిలబడ్డది. కెజ్జూ అని పిల్సిన. నన్ను చూసింది. దగ్గరికి రెండడుగులు వేసింది సుత. మళ్ల ఆగి, తల అడ్డంగ ఊపి, ఎనక్కి ఉరికింది. నీ దగ్గరికే ఉరికిందనుకున్న."

"నువ్వెందుకు వెంట పోలే?"

"పోయి పట్టుకుంటే నువ్వేమంటవో అని పోలే. పోయేది ఉండె. నా పంతం కాలిపోను, పోలే." గ్రేసీ కొంగు నోట్లో కుక్కుకుంది. "గని అది నన్ను చూసి ఎందుకట్ల భయపడ్డది? నేనేం చేసిన దానికి? ఏం చెప్పినవ్ బిడ్డకు?"

ఆశీష్ గేటు నుంచి వచ్చి నిలబడి ఉన్నాడు. రోసమ్మ షారన్‌ని చంకనేసుకుని వస్తోంది. అందరూ డోరా మొహమే చూస్తున్నారు.

"పెద్దమ్మ దగ్గరికి పోతే మమ్మీ ఇంక ఇంటికి రాదు అని చెప్పిన," అంది డోరా.

రోసమ్మ గోడకి ఆనుకుని, "మీ పంతాల మధ్యల పసిదాన్ని నలిపేసిండ్రు గదనే," అంది.

ఆఫీసు కుర్రాడు అప్పటికే మైకులో పాప పేరు, గౌను రంగు చెప్పాడు. ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఎక్కడో ఒక మూల నక్కి ఉన్న తన పిల్ల తెలియని మగ గొంతు విని ఇంకా లోపలికి ముడుచుకుపోతున్నట్టు డోరా కళ్లకి కట్టింది. మైకు తనకిమ్మని అడిగింది. గ్రేసీ వైపు తిరిగి, "అక్కా, నువ్వు పోయి గుర్రాల కాడ నిలబడు. అది నిన్ను చూసిన చోటనే," అంది. గ్రేసీ పరిగెత్తింది.

మైకు చేతిలోకి తీసుకుంది. పార్కులో ఉన్న జనమంతా వింటారు. తన ఇంటి గుట్టు ఊరందరి ముందూ విప్పుకోవాలి. అయినా బిడ్డ కన్నా పరువెక్కువా? మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"కెజియా, బిడ్డా, మమ్మీని మాట్లాడుతున్న. మమ్మీ ఈడనే ఉన్న. మమ్మీ నీకు అబద్ధం చెప్పింది నాన్నా. పెద్దమ్మ దగ్గరికి పోతే మమ్మీ ఏడికీ పోదు. పెద్దమ్మ గుర్రాల కాడ నిలబడ్డది, చూడు. పెద్దమ్మ దగ్గరికి పో. మమ్మీ ఏమనదు. పెద్దమ్మ దగ్గరికి పో బిడ్డా."

అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. ఏడుపు కూడా మైకులో వినపడింది. బయట పాటలు ఎవరు ఆపించారో, ఆగిపోయాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు, ఆశీష్ తలుపు తోసుకుని వచ్చి, దొరికింది, దొరికింది అంటూ ఆమె భుజం పట్టుకుని కుదిపాడు.

గుర్రాల పక్కన పాప్‌కార్న్ అమ్మే బండి ఉంది. దాని కింద, నేలదాకా వేలాడే గుడ్డ వెనక, పిల్ల అప్పటిదాకా ముడుచుకుని కూర్చుందట. వెతికేవాళ్లందరూ ఆ బండి పక్క నుంచే పోయారు. ఎవరు పిలిచినా పలకలేదు. డోరా వెళ్లేసరికి గ్రేసీ నేల మీదే కూర్చుని ఉంది. కెజియా ఆమె మెడ చుట్టూ చేతులేసి, మొహం దాచుకుని ఉంది.

అడుగుల చప్పుడుకి తలెత్తి, అమ్మని చూసింది. చటుక్కున పెద్దమ్మ మెడ వదిలేసి ఒళ్లోంచి జారింది. దూరంగా జరిగి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"మమ్మీ, పెద్దమ్మ ముందు సుత పిల్చింది," అంది. "నేను పోలే. దాక్కున్న. ఇప్పుడు నువ్వు పొమ్మన్నవని వచ్చిన."

అంత చీకట్లో, అంత భయంలో, తెలిసిన ఒక్క మొహం ఎదురుగా ఉన్నా, అమ్మ ఎక్కడ పోతుందోనని ఈ పిల్ల పలకకుండా కూర్చుంది. అమ్మని కాపాడుకోవడానికి. డోరా మోకాళ్ల మీద పడి పిల్లని పట్టుకుంది. తన గుండెకి అదుముకోవాలని చేతులు లాగుతున్నాయి. కానీ అదుముకోలేదు. ఎత్తి, తీసుకెళ్లి, మళ్లీ గ్రేసీ ఒళ్లో కూర్చోబెట్టింది. ఆ పక్కనే తానూ నేల మీద కూర్చుని, గ్రేసీ భుజం మీద తల పెట్టేసింది.

"అక్కా," అంది.

గ్రేసీ ఒక చేత్తో పిల్లనీ ఒక చేత్తో డోరా తడి బట్టల్నీ గట్టిగా పట్టుకుంది. నేనూ వెంట ఉరకాల్సింది, ఉరకలే అని సన్నగా గొణుక్కుంటూనే ఉంది.

కెజియా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తను పెద్దమ్మ ఒళ్లో ఉంది. అమ్మ కూడా ఉంది. లేచి వెళ్లిపోవడం లేదు. ఇంకా కొంచెంసేపు చూసింది. అమ్మ కదలదని నమ్మకం కుదిరాక, ఆ బండి కింద అంతసేపూ బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు మొదలుపెట్టింది.