నలభై దగ్గర ఆగని హీటర్

ట్రయల్ ఇంజనీర్ ప్రకాశరావు శవం ముమ్మిడివరం రొయ్యల చెరువులో తేలిన మర్నాడు, రొయ్యల వ్యాపారి వేషంలో ఏజెంట్ నాగసతీష్ అక్కడి ఐస్ ప్లాంటు ముందు కారు దిగాడు.

దారిలో ఫోన్లో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ రెండే నిమిషాలు.

"సరిహద్దు కొండల్లో చలికి డీజిల్ గడ్డకడుతోంది. మిలిటరీ లారీలు స్టార్ట్ కావడం లేదు. ముందే డీజిల్‌ని వేడి చేసే హీటర్లు నాలుగు వందలు పంపిస్తున్నాం. ఆ చలి ముమ్మిడివరం రొయ్యల కోల్డ్ రూములోనే దొరుకుతుంది కాబట్టి ట్రయల్స్ అక్కడే. హీటర్లలో విదేశీ ముఠా చెయ్యి పెట్టిందని ప్రకాశరావు అనుమానం. పదకొండుకి లోడు కదులుతుంది. ఈలోగా తేల్చు. మేనేజర్ సూర్యకుమారి మన మనిషే."

ప్లాంటు గుమ్మంలో సూర్యకుమారి ఎదురొచ్చింది. నల్ల కళ్ళద్దాలు, లేత నీలం షిఫాన్ చీర. చేపల వాసన మధ్య ఆమె సెంటు ఘాటుగా తగిలింది.

"ఇవాళ ఐసు ఎన్ని దిమ్మలండీ?" నాగసతీష్ కోడ్ విసిరాడు.

"ఏడండీ. ఎనిమిదోది కరిగిపోయింది."

సరిపోయింది. అయినా ఎందుకో అతని మనసు కీడు శంకించింది.

కోల్డ్ రూము గుమ్మంలో అందరిలాగే చెప్పులు విడిచి గమ్‌బూట్లు తొడుక్కున్నాడు. "ఫోను ఇక్కడే ఉంచండి, చలికి పాడైపోద్దండి," అందామె. హీటర్ తయారుచేసిన మెకానిక్ పెదబాబుని టీ తెమ్మని పంపింది.

లోపల మైనస్ ఇరవై. స్టాండు మీద లారీ ఇంజను. సూర్యకుమారి హీటర్ స్విచ్ నొక్కింది. "నలభై డిగ్రీలకి దానంతటదే ఆగిపోద్దండి."

అతను ఇంజను మీదికి వంగాడు. వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

వాచీలో దాచిన థర్మామీటర్ని హీటర్‌కి ఆనించాడు. నలభై. అరవై. తొంభై. ఆగడం లేదు. గదంతా డీజిల్ ఆవిరి. నాలుగు వందల హీటర్లూ ఇంతే. కొండ మీద వరసగా నిలబడ్డ లారీలు, ఒక్కో స్టీరింగ్ వెనక ఒక్కో కుర్రాడు. నాగసతీష్‌కి భయం వేసింది, తన కోసం కాదు.

బ్యాటరీ వైరు పీకేశాడు. మంట ముప్పు తప్పింది కానీ ఆ గదిలో ఉన్న ఒక్క వెచ్చదనమూ పోయింది. దళసరి తలుపు అతని కేకల్ని మింగేసింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. పది యాభై ఎనిమిది.

గడియ తీసిన చప్పుడు. గుమ్మంలో టీ గ్లాసుతో పెదబాబు.

"తమరు వెళ్ళిపోయేరని మేడంగారు చెప్పేరండి. చెప్పులేమో ఇక్కడే ఉన్నాయాయె. చెప్పులొదిలేసి ఎలాగెళ్తారండీ అనుకున్నాను."

"లోడు?"

"ఆయ్, గేటు దాటుతుందండి."

నాగసతీష్ గమ్‌బూట్లతోనే పరుగెత్తి లారీకి అడ్డం నిలబడ్డాడు. బంపరు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు పక్కన సూర్యకుమారి. అతని చేతిలో పిస్టల్ చూసి కళ్ళద్దాలు తీసింది.

"ఎలా బయటికొచ్చేరు?"

అతను ఆమెని కిందికి దింపి తన ఫోను లాక్కున్నాడు. లారీలో పెట్టెలన్నీ దింపించి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"గుడ్. రిపోర్టులో కీలకమైన పరికరం ఏమని రాయమంటావు?"

నాగసతీష్ చల్లారిన టీ గుటకేశాడు.

"తోలు చెప్పులు సార్. తొమ్మిదో నంబరు."