లక్కమ్మ రాయి

పొద్దు జీలుగు చెట్ల మీదికి ఎక్కింది. వండి గంపల్లో పెట్టిన అన్నం చల్లారిపోతోంది. కొండవాలులో పడుకోబెట్టిన నిలువెత్తు రాయి పక్కన సుకాంతి, ఆమె పెనిమిటి సోంబర తప్ప నరమానవుడు లేడు.

ఆ సవర గూడేల్లో, పోయినవాళ్లకి కోతలయ్యాక రాయి నిలబెడతారు. దాన్ని ఇంటివాళ్లే ఎత్తేసుకుంటే చెల్లదు, చుట్టుపక్కల గూడేల చేతులు పడాలి. పోయినవాళ్ల గొంతు ఇంకా ఎవరికైనా కలలో వినిపిస్తూ ఉంటే, వాళ్లు మాత్రం ఆ రాయి ముట్టుకోకూడదు. ఇల్లిల్లూ తిరిగి పిలవడం ఎప్పుడో పోయింది. సవర రేడియోలో ఒక్క కబురు చదివితే కొండ కొండంతా కదిలి వచ్చేది. వానల్లో పట్నం ఆసుపత్రిలో పోయిన తల్లి లక్కమ్మ చావు కబురూ, ఇప్పుడీ రాయి కబురూ సుకాంతే చదివింది. రేడియోలో వార్తలు చదివేది ఆమే మరి.

"మనమేటి తప్పు సేసినాం?" అన్నాడు సోంబర.

సుకాంతికీ అదే అర్థం కావడం లేదు. కబురు అందరికీ చేరిందని స్టేషన్‌లోని తెర చెప్పింది.

ఒకప్పుడు ఆ రేడియో మూతపడబోయింది. పిల్లలు సవర వినడం మానేశారు. అప్పుడొచ్చింది పలుకునేత. స్టేషన్‌లో ఒకరు చదివితే చాలు, ఆ యంత్రం ఆ మాటల్ని ప్రతి మనిషీ చెవిలో పెట్టుకునే చెవిగూడులోకి విడివిడిగా నేసి పంపుతుంది. వాళ్ల గూడెం యాసలో, వాళ్లకిష్టమైన గొంతుతో, వాళ్ల మనసుకి తగ్గట్టుగా. బదులు చెబితే తిరిగి మాట్లాడుతుంది కూడా. పిల్లలు మళ్లీ సవరలో పోట్లాడుకుంటూ ఉంటే విని సుకాంతి పొంగిపోయింది. చదివేవాళ్లకి అడ్డమని ఆమె మాత్రం చెవిగూడు పెట్టుకోదు.

ఇక ఉండబట్టలేక దిగువ గూడేనికి నడిచింది. తల్లి నేస్తం బోడమ్మ అరుగు మీద చోడి అంబలి తాగుతూ తనలో తనే నవ్వుకుంటోంది.

"పెద్దమ్మా, నా కబురు ఇన్నావా?"

"ఇనకపోతే నాకు తెల్లారతాదా? పసుపు బాగా పండిందన్నావు. లక్కి కొండకాడికి రమ్మందన్నావు. మోకాళ్లు తగ్గినాక వస్తానని దానికే సెప్పీసినాను."

"ఎవరికి?"

"మీ యమ్మకే. పొద్దున్నే గదా మాటాడుకున్నాం. ఏటే, అలాగ సూస్తావు?" అంటూ బోడమ్మ తన చెవిగూడు తీసి సుకాంతి చెవిలో పెట్టింది. "నువ్వే ఇను."

"బోడీ," అంది లక్కమ్మ గొంతు. ఆ చిన్న దగ్గుతో సహా. "అంబలి తాగినావా?"

సుకాంతి దాన్ని తీసి విసిరికొట్టాలనుకుంది. చెయ్యి లేవలేదు.

"తాగనేదమ్మా," అనేసింది.

గూడెం దాటాక యంత్రం చూసుకునే ధర్మారావుకి ఫోన్ చేసింది.

"దాని తప్పు కాదక్కా," అన్నాడతను. "చెవిలోంచి ఎవరూ తీసెయ్యకుండా చూడమని మనమే చెప్పాం కదా. చావు కబురు వింటే తీసేస్తున్నారు. అందుకే తిప్పి చెబుతున్నట్టుంది. మీ అమ్మగారి గొంతు పాత పాటల రికార్డుల్లో దొరికుంటుంది."

"ఎందరికి ఇలాగ?"

"ఆ గొంతంటే ఇష్టమున్న అందరికీ అయ్యుంటుంది."

"సాయంత్రం దాన్ని ఆపీ. నేను సదివింది సదివినట్టు పోనీ."

"ఆపితే పిల్లలు వినరక్కా. మళ్లీ మూతపడిపోతాం."

"ఒక్క కబురుకి, ధర్మా. మాయమ్మ పెద్దల్లో కలవాల గదా."

ఆ సాయంత్రం కొండలన్నింటిలో చాలా ఏళ్ల తర్వాత ఒకే గొంతు, ఒకే మాట వినిపించింది. "మాయమ్మ లక్కమ్మ వానల్లో పోయింది. రేపు రాయి నిలబెడుతున్నాం. రండి."

మర్నాడు జనం విరగబడి వచ్చారు. గంపలతో బియ్యం, కుండలతో కల్లు తెచ్చారు. లక్కమ్మ నిన్ననే పోయినట్టు గుండెలు బాదుకున్నారు. సుకాంతి కన్నీళ్లు తుడుచుకుంటూనే లోపల్లోపల ఊరట పడింది. సోంబర రాయి కింద గునపం దూర్చి, పట్టండి అన్నాడు.

ఎవరూ వంగలేదు.

మనవరాలి భుజం పట్టుకుని వచ్చిన బోడమ్మ ముందుకు కదిలింది. "పోయిందంటావు, సరే. మరి నిన్న నాతో మాటాడింది ఎవరే?"

"యంత్రం, పెద్దమ్మా."

"గొంతు దానిదే గదా. మీ తాతలు కలలో ఇన్నా ఆగీవోరు. నేను పట్టపగలు ఇన్నాను, బదులు కూడా సెప్పినాను. ఇప్పుడీ రాయి ఎలాగ ముట్టుకోను?"

బోడమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె వెనక ఇంకో ముసలామె, తర్వాత ఇద్దరు మగాళ్లు. కాసేపటికి గూడేలకి గూడేలే తలలు దించుకుని వెనక్కి జరిగాయి. అంతమంది లక్కమ్మతో మాట్లాడుతున్నారని వాళ్లకీ తెలియదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నువ్వు పట్టు, కనీసం," అన్నాడు సోంబర పెళ్లాంతో.

సుకాంతి వంగింది. రాయికి జానెడు దూరంలో ఆమె చెయ్యి ఆగిపోయింది. అంబలి తాగినావా అన్న ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. తనూ బదులు చెప్పింది.

లేచి, వెళ్లి బోడమ్మ పక్కన నిలబడింది.